పొసాన్యోలో ఉన్నవి కాపీలు కావండి, తప్పకుండా వెళ్ళండి

వెనిస్ దాకా వెళ్తున్నాం, ఇటలీ శిల్పి కనోవా పాలరాతి శిల్పాలు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో, రోమ్‌లో ఉండగా ఆయన సొంతూరు పొసాన్యో మ్యూజియంలో ప్లాస్టర్ కాపీల కోసం ఒక రోజు పెట్టాలా అని అడిగారు కదా. పెట్టండి. చాలావరకు అవి కాపీలు కావు, పాలరాతి కన్నా ముందు తయారైనవి.

నేను పాడువాలో చదువుకునేటప్పుడు వెళ్ళాను. దగ్గరికెళ్ళి చూస్తే తెల్లటి ఒంటి మీద, మొహం మీద కూడా, నల్లటి చుక్కలు కనిపిస్తాయి, మరకలేమో అనుకుంటాం గానీ అవి చిన్న చిన్న లోహపు మేకులు. కనోవా ముందు బంకమన్నుతో బొమ్మ చేసి, దాని నుంచి అచ్చు తీసి ప్లాస్టర్ పోయించి, ఆ మేకుల మధ్య దూరాలు కంపాస్‌తో కొలిపించి రాయి మీదకి ఎక్కించేవాడు, పనివాళ్ళు ఆ కొలతల ప్రకారం చెక్కితే చివరి నగిషీ మాత్రం తనే చేసేవాడు. ఆ మేకుల్లో ఆయన పని మొత్తం కనిపిస్తుంది, పాలరాతిలో అదేం కనపడదు.

కనోవా 1757లో ఆ ఊళ్ళోనే పుట్టాడు, చిన్నప్పుడే తండ్రి పోతే రాతిపని చేసే తాత దగ్గర పెరిగాడు, ఆ ఇల్లు కూడా మ్యూజియంలో భాగమే. 1822లో చనిపోయాక రోమ్ స్టూడియోలోని ప్లాస్టర్లన్నీ తమ్ముడు ఊరికి తెప్పించి 1830ల్లో పెద్ద హాలు కట్టించాడు. 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లు పడి చాలా విరిగిపోయాయి, తర్వాత ఓపిగ్గా అతికించారు. 1950ల్లో ఆర్కిటెక్ట్ కార్లో స్కార్పా కట్టిన కొత్త భాగంలో అయితే పైమూలల్లోంచి వెలుగు పడుతుంటే కదలబుద్ధి కాదు.

అమెరికాలో నార్త్ కరోలినా రాజధాని రాలీలో ఉండే మనవాళ్ళకి ఇంకో సంగతి, అక్కడి స్టేట్ హౌస్‌కి, అంటే రాష్ట్ర శాసనసభ భవనానికి, ఆయన చేసిన జార్జ్ వాషింగ్టన్ విగ్రహం 1831 అగ్నిప్రమాదంలో పోయింది, దాని ప్లాస్టర్ మాత్రం పొసాన్యోలో ఉంది. అది కూడా కాపీయే అంటారా మరి?

దయచేసి దేన్నీ ముట్టుకోకండి, 2020లో ఒకాయన ఫోటో కోసం నెపోలియన్ చెల్లెలు పౌలీనా ప్లాస్టర్ బొమ్మ మీద కూర్చుంటే కాలివేళ్ళు విరిగాయి.

వెనిస్‌లో ఫ్రారీ చర్చిలోని పిరమిడ్ ఆకారపు స్మారకంలో ఉన్నది కనోవా గుండె మాత్రమే, సమాధి పొసాన్యో కొండ మీది గుడిలో ఉంది, అదీ చూసి రండి. బస్సానో దాకా ట్రైన్, అక్కడ్నుంచి బస్సు, తిరుగు బస్సు టైం మాత్రం ముందే చూసుకోండి.