69 పతకాలా, 70 పతకాలా? – ఆటల పేజీకి మీ ప్రశ్నలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఏషియన్ గేమ్స్ మీదే ఉన్నాయి. 2026 సెప్టెంబర్ 19న జపాన్‌లోని ఐచి–నగోయాలో మొదలయ్యే ఆటల గురించి టీకొట్ల దగ్గర అప్పుడే లెక్కలు వేస్తున్నట్టున్నారు. అందుకే క్రికెట్ ప్రశ్నలన్నీ వచ్చే వారానికి నెట్టేశాను, తిట్టుకోవద్దు.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. మొన్న ఒక స్కూల్లో పెట్టిన క్విజ్‌లో 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనకెన్ని పతకాలు వచ్చాయని అడిగితే 70 అని చెప్పింది. క్విజ్ మాస్టారు కాదు 69 అని కొట్టేశారు. ఆ ఒక్క మార్కుతో ఫస్ట్ ప్రైజ్ పోయింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. ఎవరిది కరెక్టు సార్?
– ఒక తండ్రి, కావలి

జవాబు: ముందు పాపకు అన్నం పెట్టండి, కరెక్టు పాపదే. అలాగని మాస్టారు గాల్లోంచి చెప్పారని కూడా అనలేం. ఆటలు ముగిసిన రోజు పట్టికలో మనకు 15 స్వర్ణాలు, 24 రజతాలు, 30 కాంస్యాలు ఉన్నాయి. కలిపితే 69. మర్నాడు పేపర్లన్నీ అదే వేశాయి, జనరల్ నాలెడ్జ్ పుస్తకాలవాళ్ళు అదే ఎత్తి రాసుకున్నారు, ఆ తర్వాత ఆ పేజీ వైపు మళ్ళీ ఎవరూ చూడలేదు.

తర్వాత జరిగింది ఇదీ. ఏషియన్ గేమ్స్‌లో మిక్స్‌డ్ 4×400 రిలే (ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి పరిగెత్తేది) పెట్టడం జకార్తాలోనే మొదలు. అనస్, పూవమ్మ, హిమా దాస్, ఆరోకియా రాజీవ్ పరిగెత్తిన మన జట్టు రెండో స్థానంలో వచ్చింది, బహ్రెయిన్ మొదటి స్థానం. ఆ బహ్రెయిన్ జట్టులో పరిగెత్తిన కెమీ అడెకోయా డోపింగ్‌లో పట్టుబడింది. 2019లో నాలుగేళ్ళ నిషేధం పడింది, జకార్తా ఫలితాలు రద్దయ్యాయి. దాంతో మన రజతం స్వర్ణమైంది. అదే అమ్మాయి అక్కడ 400 మీటర్ల హర్డిల్స్ కూడా గెలిచింది. అదీ పోయేసరికి నాలుగో స్థానంలో ఉన్న మన అను రాఘవన్‌కు కాంస్యం దక్కింది. ఇప్పుడు లెక్క 16, 23, 31. మొత్తం 70. రజతాలు 24 నుంచి 23కి తగ్గడం చూసి ఒకటి ఎక్కడికి పోయిందని అడిగేవాళ్ళున్నారు. ఎక్కడికీ పోలేదు, పక్క గడిలోకి జరిగింది.

కాకపోతే నాకొకటి బాధగానే ఉంటుంది. గెలిచిన రోజు స్టేడియంలో జాతీయ గీతం వింటూ నిలబడే ఆ రెండు నిమిషాలు రెండేళ్ళ తర్వాత పార్సిల్‌లో రావుగా.

మాస్టారికి ఈ పేజీ చూపించండి, గొడవ మాత్రం పడొద్దు. ఈసారి ప్రశ్న రాసేటప్పుడు ‘ఆటలు ముగిసిన రోజుకి’ అనో ‘ఇప్పటి లెక్క ప్రకారం’ అనో ఒక్క ముక్క కలిపితే ఏ పిల్లా ఏడవదు.

ప్రశ్న: 2023లో ఆడిన ఆటల్ని 2022 ఏషియన్ గేమ్స్ అంటారేంది?
– గూడూరు పాఠకుడు

జవాబు: చైనాలో కోవిడ్ వల్ల ఏడాది వాయిదా వేశారు గానీ పేరు మార్చలేదు. హాంగ్‌ఝౌ ఆటలు జరిగింది 2023 సెప్టెంబర్ 23 నుంచి అక్టోబర్ 8 దాకా. పెళ్ళి వాయిదా పడినా శుభలేఖ పాతదే పంచారనుకోండి.

ప్రశ్న: హాంగ్‌ఝౌలో దక్షిణ కొరియాకు 190 పతకాలు, జపాన్‌కు 188. కానీ పట్టికలో జపాన్ రెండు, కొరియా మూడు. ఇదెట్టా? మా దగ్గర దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది.
– కందుకూరు బస్టాండ్ ఎదురుగా టీకొట్టు బ్యాచ్

జవాబు: పట్టికలో మొత్తం చూడరు, ముందు స్వర్ణాలు చూస్తారు. అవి సమానమైతే రజతాలు, అవీ సమానమైతే కాంస్యాలు. జపాన్‌కు 52 స్వర్ణాలు, కొరియాకు 42. అక్కడితో సరి. కొరియా బలమంతా కాంస్యాల్లో ఉంది, 89.

మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే మన తిరనాళ్ళలో బండలాగుడు పోటీలే. ఒకాయన మూడు ఊళ్ళు తిరిగి మూడు చోట్లా మూడో బహుమతి పట్టుకొచ్చాడు. ఇంకొకాయన ఎడ్లు ఒక్క చోటే ఆడాయి, ఫస్ట్ కొట్టాయి. మీ టీకొట్టు దగ్గర నెల రోజులు ఎవరి ఎడ్ల గురించి మాట్లాడతారు? అదే సూత్రం. ఇది న్యాయమా అంటే, ఒక స్వర్ణం ముందు ఎన్ని రజతాలు పెట్టినా తూగకపోవడం నాకూ కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. స్వర్ణాల లెక్కన, ఆటలు ముగిసిన రోజుకి మనది నాలుగో స్థానం: 28 స్వర్ణాలు, 38 రజతాలు, 41 కాంస్యాలు, మొత్తం 107. చైనా ఊసు ఎత్తనక్కర్లేదు, వాళ్ళకు స్వర్ణాలే 201.

ప్రశ్న: 107 వచ్చాయని అందరూ చంకలు గుద్దుకుంటున్నారు. నేను రిటైరైన పీఈటీని, మాకు చదువుకునే రోజుల్లో 1951లో మనం ఆసియాలో రెండో స్థానం అని చెప్పేవారు. రెండు నుంచి నాలుగుకు వస్తే అది ఎదగడమా, దిగజారడమా?
– పొదిలి

జవాబు: మాస్టారూ, మంచి చోట పట్టుకున్నారు. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్‌లో మనకు 15 స్వర్ణాలు, 16 రజతాలు, 20 కాంస్యాలు, మొత్తం 51. జపాన్ తర్వాత మనమే. అయితే అప్పుడు వచ్చినవి 11 దేశాలు, పోటీలు 57. యుద్ధంలో ఉన్న దక్షిణ కొరియా రాలేదు. చైనా అయితే 1974 టెహ్రాన్ దాకా ఈ ఆటల గడపే తొక్కలేదు. హాంగ్‌ఝౌలో 45 దేశాలు, 481 పోటీలు.

మళ్ళీ బండలాగుడుకే వస్తాను, ఏమనుకోకండి. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అని విభాగాలు పెరిగేకొద్దీ బహుమతులూ పెరుగుతాయి కదా. ఇక్కడా అంతే. 1951లో 57 స్వర్ణాల్లో 15 మనవి, అంటే నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. హాంగ్‌ఝౌలో 481లో 28, నూటికి ఆరు కూడా లేవు. ఈ లెక్క చూసి దిగజారామనేయకండి, ఖాళీ మైదానంలో పరిగెత్తడం వేరు, చైనా జపాన్ కొరియాలు మూడూ పక్కన నిలబడితే పరిగెత్తడం వేరు.

అసలు దిగజారడం అంటే మధ్యలో చూడాలి. 1954 మనీలాలో ఐదు స్వర్ణాలకు వచ్చేశాం. 1962 జకార్తాలో మళ్ళీ లేచాం, మొత్తం 52. ఫుట్‌బాల్ ఫైనల్లో కొరియాను 2-1తో కొట్టింది అక్కడే, కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. 1982 ఢిల్లీలో 57 పతకాలు వచ్చినా జనానికి గుర్తున్నది హాకీ ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 7-1 దెబ్బే. అదే ఢిల్లీలో ఆడవాళ్ళ హాకీ జట్టు స్వర్ణం గెలిచిందని ఎంతమందికి తెలుసు? 1986 సియోల్‌లో మొత్తం ఐదు స్వర్ణాలు, నాలుగింటిలో పి.టి. ఉష ఉంది (ఒకటి రిలే), ఐదోది కుస్తీలో కర్తార్ సింగ్. ఇక 1990 బీజింగ్. అప్పుడు నేను ఒంగోల్లో ఇంటర్. పేపర్ షాపు ముందు నిలబడి పట్టికలో ఇండియా కోసం వేలు కిందికి జరుపుతూ పోయేవాణ్ణి, జరిపేకొద్దీ వేలు కిందికే పోయేది. మొత్తం ఆటల్లో ఒకే ఒక్క స్వర్ణం, అదీ కబడ్డీలో. ఆ ఒక్కటీ లేకపోతే సున్నా.

2006 దోహా నుంచి 53, 65, 57, 70, 107. ఇది ఎదుగుదలే. పనిలో పనిగా పైనున్న కావలి పాప లెక్క గుర్తు చేసుకోండి. 1951 నాటి 15 స్వర్ణాల్ని మనం 2018 దాకా దాటలేదు. ఆటలు ముగిసిన రోజుకి 15తో సమానమే చేశాం, ఆ రిలే పతకం రంగు మారాకే 16 అయి రికార్డు పోయింది.

నాకున్న గులుగుడు వేరే. 107లో అథ్లెటిక్స్ 29, షూటింగ్ 22, ఆర్చరీ 9. ఈ మూడే 60. స్వర్ణాల్లో అయితే 28లో 18 వీటివే. వెయిట్‌లిఫ్టింగ్‌లో సున్నా, జిమ్నాస్టిక్స్‌లో సున్నా, ఈతలో సున్నా. మూడు కాళ్ళ మంచం మీద పడుకున్నట్టే.

ప్రశ్న: ఈత సున్నా అని మీరే ఇంకోసారి రాశారు. మాది సముద్రం పక్కన ఊరు. మా పిల్లలు నడక రాకముందే నీళ్ళలో ఉంటారు. వీళ్ళని తీసుకుపోతే రావా పతకాలు?
– మైపాడు దగ్గర నుంచి

జవాబు: రావు, కోప్పడకండి. సముద్రంలో, బావిలో వచ్చే ఈత ప్రాణం నిలుపుకునే ఈత. తల పైకి పెట్టి, కళ్ళు ఒడ్డు మీద ఉంచి, అలిసిపోతే వెల్లకిలా తేలుతూ పోతారు. పోటీ ఈతలో ముఖం నీళ్ళలోనే ఉండాలి, ఊపిరి కోసం తల పక్కకు తిప్పాలి, 50 మీటర్ల చివర గోడ దగ్గర పల్టీ కొట్టి కాళ్ళతో తన్నుకుని వెనక్కి రావాలి. మా మేనల్లుడు దిగుడు బావిలో చేపపిల్ల. వాణ్ణి మొదటిసారి పూల్‌లో దింపితే ఆ గోడ దగ్గరకొచ్చి చెయ్యి ఆనించి, నిలబడి, ముక్కు చీదుకుని, మళ్ళీ మొదలెట్టాడు. ఈలోపు పక్క లైన్ పిల్ల సగం దూరం పోయింది. ఎనిమిదేళ్ళప్పటి నుంచి రోజూ పొద్దున్నే పూల్, కోచ్ ఉంటే మీ పిల్లలకు ఉన్న భుజాలకి ఎక్కడికైనా పోతారు, అందులో అనుమానం లేదు. ఆ పూల్ ఎక్కడుందన్నదే ప్రశ్న.

విచిత్రం ఏంటంటే ఏషియన్ గేమ్స్‌లో మన దేశం మొట్టమొదటి స్వర్ణం ఈతలోనే. 1951లో సచిన్ నాగ్, 100 మీటర్ల ఫ్రీస్టైల్. ఆ తర్వాత ఈతలో ఇంకో స్వర్ణం లేదు. 1986లో ఖజాన్ సింగ్ రజతం, 2010లో వీర్‌ధవల్ ఖాడే, 2014లో సందీప్ సెజ్వాల్ కాంస్యాలు, అంతే.

ప్రశ్న: అన్నా, చెడుగుడు మన ఆట కదా, దాంట్లో రెండే పతకాలా? హాంగ్‌ఝౌ ఫైనల్లో గంటసేపు ఆట ఆపేశారు, ఆ గొడవేంది?
– కొత్తపట్నం కుర్రాళ్ళు

జవాబు: రెండే ఉంటాయి తమ్ముళ్ళూ. మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి. జట్టులో పన్నెండు మంది ఉన్నా పట్టికలో పడేది ఒక్క గీతే. కుస్తీలో బరువుకో పతకం, షూటింగ్‌లో తుపాకీకో పతకం, కబడ్డీలో అట్టా కుదరదు. పైగా 1990 నుంచి 2014 దాకా ఏడు సార్లు వరసగా మగవాళ్ళ స్వర్ణం మనదే. 2018లో ఇరాన్ వచ్చి సెమీఫైనల్లో మగవాళ్ళనీ, ఫైనల్లో ఆడవాళ్ళనీ కొట్టి పోయింది.

హాంగ్‌ఝౌలో రెండు ఫైనల్సూ ఒకే రోజు, అక్టోబర్ 7న. ఆడవాళ్ళు చైనీస్ తైపీని 26-25తో, ఒకే ఒక్క పాయింటుతో గెలిచారు, మన నూరో పతకం అదే. మగవాళ్ళ ఫైనల్ ఇరాన్‌తో. 28-28 దగ్గర, ఇంక నిమిషమో ఎంతో ఉందనగా పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై కూతకు (పాయింటు తేకపోతే అవుటయ్యే కూత) వెళ్ళి ఎవరినీ తాకకుండా లాబీలోకి (కోర్టు అంచున ఉండే పట్టీ, ఎవరినైనా తాకాకే అందులోకి పోవాలి) కాలు పెట్టాడు. అతని వెనకే ఇరాన్ వాళ్ళూ లాబీలోకి వచ్చేశారు. పాత రూల్ ప్రకారం వాళ్ళూ అవుట్, కొత్త రూల్ ప్రకారం కూతకు వెళ్ళినవాడు ఒక్కడే అవుట్. ఏ రూల్ అన్న దగ్గర మొదలైంది. మీరు ఇసకలో ఆడేటప్పుడు గీత చెరిగిపోయి కొట్టుకుంటారే, సరిగ్గా అదే, కాకపోతే అంపైర్లూ రిఫరీలూ టీవీలూ పెట్టుకుని కొట్టుకున్నారు. రెండు జట్లూ కోర్టులో కూర్చున్నాయి. చివరికి తీర్పు మనవైపు వచ్చి 33-29తో గెలిచాం. ఇరాన్ వాళ్ళు ఇంకా ఒప్పుకుని ఉండరు, నేనైనా ఒప్పుకోను.

ప్రశ్న: హాంగ్‌ఝౌ పతకాల్లో మన తెలుగువాళ్ళవి ఎన్ని?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: లెక్క పెట్టడం మొదలుపెడితే జట్టు పతకాల దగ్గర తికమక అవుతుంది, పేర్లు చెబుతాను. విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ ఒక్కతే మూడు స్వర్ణాలు, కాంపౌండ్ ఆర్చరీలో. అమలాపురం సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం, ఈ ఆటల్లో మనకు బ్యాడ్మింటన్‌లో మొదటి స్వర్ణం అదే. హైదరాబాద్ ఈషా సింగ్ షూటింగ్‌లో ఒక స్వర్ణం, మూడు రజతాలు. నిఖత్ జరీన్‌కు బాక్సింగ్‌లో కాంస్యం.

వైజాగ్ జ్యోతి యర్రాజీది మాత్రం విడిగా చెప్పాలి. 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క లైన్‌లో చైనా అమ్మాయి వు యన్నీ తుపాకీ మోగకముందే కదిలింది, అది చూసి జ్యోతి కూడా కదిలింది. ఇద్దర్నీ తప్పించబోయారు. జ్యోతి అక్కడే నిలబడి వాదించింది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. అంత టెన్షన్‌లో 12.91 సెకన్లు. మూడో స్థానం, కాంస్యం అనుకున్నారు. రేసు అయ్యాక వీడియో చూసి ఆ చైనా అమ్మాయిని తప్పించారు, జ్యోతికి రజతం వచ్చింది. ఇదీ రంగు మారిన పతకమే, కాకపోతే ఈ అమ్మాయి రెండేళ్ళు ఆగక్కర్లేకపోయింది.

ప్రశ్న: నగోయాలో 107 దాటుతామా? పందెం కాయొచ్చా?
– కందుకూరు టీకొట్టు బ్యాచ్ (మళ్ళీ వీళ్ళే)

జవాబు: కాయొద్దు. కాసినా 70 దగ్గర గొడవపడ్డట్టే ఏ రోజు లెక్క అని ముందే రాసుకోండి. కబడ్డీ ఫైనల్ మళ్ళీ ఇరాన్‌తో పడితే మాత్రం ఆ పూట నాకు ఫోన్ చేయకండి, ఎత్తను.