ఎనిమిది నెలల బాబుకి మూడు చక్రాల స్ట్రోలర్ కొనొచ్చా?

ఒంగోలు వీధుల్లో, అప్పుడప్పుడు కొత్తపట్నం బీచిలో తిప్పడానికైతే కొనొచ్చు. ముందు ఒకటే చక్రం గనక మలుపు తేలిక. గతుకు దగ్గర హ్యాండిల్ కాస్త కిందికి నొక్కితే ముందు చక్రం లేచి దాటేస్తుంది. ఇబ్బందల్లా మలుపులోనే: ఒక వెనక చక్రం రోడ్డు అంచెక్కితే బండి పక్కకి ఒరుగుతుంది. వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువున్నదే తీసుకోండి, అంతకంటే ముందు మీ లిఫ్టు తలుపు వెడల్పు టేపుతో కొలవండి.

అసలు తేడా టైర్ల దగ్గరే. గాలి టైర్లు కుదుపు బాగా తట్టుకుంటాయి, కానీ మన రోడ్ల పక్కన సర్కారు తుమ్మ ముళ్లకి నిలవ్వు. ఫోమ్ టైర్లయితే పంక్చర్ బాధ లేదు. గాలివే కావాలంటే వాల్వ్ చూడండి. చాలావాటికి బైకు ట్యూబు వాల్వే ఉంటుంది, మామూలు సైకిల్ పంపు పట్టకపోవచ్చు. షాపులో కంప్రెసర్‌తో కొట్టిస్తే టైరు పక్కన అచ్చయిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి అంకె) దాటనివ్వకండి, చిన్న ట్యూబు క్షణంలో పగులుతుంది.

ముందు చక్రం పక్కలకి తిరక్కుండా పట్టే లాక్ తప్పనిసరి. బజార్లో తీసెయ్యండి, కంకర మీద వెయ్యండి. మెత్తటి ఇసుకలో తొయ్యకుండా వెనక్కి నడుస్తూ లాగండి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే ఉప్పుకి బేరింగులు తుప్పు పడతాయి.

బెల్టు ఐదు పాయింట్లదే (రెండు భుజాలు, నడుముకి రెండు వైపులా, కాళ్ల మధ్య పట్టేది) తీసుకోండి. హ్యాండిల్‌కి కూరగాయల సంచి తగిలించి బాబుని ఎత్తుకుంటే బండి వెల్లకిలా పడుతుంది. ఎండని పైన దుప్పటి కప్పొద్దు, లోపల ఉడికిపోతుంది.