అమలాపురంలో నీడ గడియారం వాచీతో ఎందుకు కలవదు?

తప్పు వాచీది కాదు, నీడదీ కాదు. మన దేశ సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా వెళ్తుంది. అమలాపురం ఉన్నది సుమారు 82 డిగ్రీల దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, ఇక్కడ సూర్యుడు 2 నిమిషాలు ఆలస్యం.

పెద్ద తేడా వేరే ఉంది. భూమి కక్ష్య కోలగా ఉండటం, అక్షం వంగి ఉండటం వల్ల సూర్యుడి నడక ఏడాది పొడవునా ఒకేలా కనిపించదు. డాబా మీద దారానికి రాయి కట్టి వేలాడదీయండి. కింద ఉత్తర దక్షిణాలుగా సుద్దగీత గీసి, దారం నీడ సరిగ్గా గీత మీద పడే క్షణం చూడండి. నీడ గడియారంలో పన్నెండు అంటే అదే. ఫిబ్రవరి రెండో వారంలో అప్పుడు ఫోన్‌లో సుమారు 12:16 ఉంటుంది. నవంబరు మొదట్లో 11:46కే పడుతుంది! నేను మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు పులకరించింది.