మారిషస్‌లో స్వచ్ఛంద సంస్థల్లో పని ఎలా ఉంటుంది?

మీరడిగింది ఇదీ: మావారికి మారిషస్‌లో ఐటీ ఉద్యోగం వచ్చింది, నేను ఎంఎస్‌డబ్ల్యూ చేసి గుంటూరు దగ్గర ఒక ఎన్జీవోలో పనిచేశాను, అక్కడ ఈ రంగం ఎలా ఉంటుంది, నాకు పని దొరుకుతుందా, తెలుగు ఏమన్నా అక్కరకొస్తుందా అని. నేను కొన్నేళ్ళు అక్కడున్నాను. ఆగ్నేయ తీరంలో ఉన్న మాహేబూర్ ఊరి వైపు బడి అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే ఒక చిన్న సంఘానికి లెక్కలు రాసిపెట్టేదాన్ని. కాబట్టి ఈ రంగాన్ని నేను చూసింది ఎక్కువగా డబ్బు వైపు నుంచే.

పని దొరుకుతుంది. కాకపోతే గుంటూరులో చేసిన పనే అక్కడా చేద్దామనుకుంటే కుదరదు. మన దగ్గర ఎన్జీవో అంటే బడి, మెడికల్ క్యాంపు, ముసలివాళ్ళ పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం. అక్కడ ఇవన్నీ సర్కారే చూసుకుంటుంది. ప్రభుత్వాసుపత్రిలో వైద్యానికి పైసా అక్కర్లేదు. హైస్కూలు చదువు 1970ల నుంచీ ఉచితం. ఆస్తిపాస్తులతో పని లేకుండా వృద్ధులందరికీ పింఛను ఇవ్వడం 1958లోనే మొదలైంది. 2005 నుంచి విద్యార్థులకీ వృద్ధులకీ బస్సు టికెట్టు కూడా లేదు. దేశం మొత్తం కలిపినా పన్నెండున్నర లక్షల మంది, మన గుంటూరు జిల్లా జనాభా కూడా కాదు.

మరి సంఘాలకి మిగిలిందేమిటంటే, సర్కారు చూడనివి, చూడటానికి మొహమాటపడేవి. వైకల్యం ఉన్న పిల్లల బళ్ళు చాలావరకు ఎన్జీవోలే నడుపుతాయి. ఇంట్లో దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడవాళ్ళకి ఆశ్రయం, ప్రైమరీ పరీక్ష తప్పి బడి మానేసిన పిల్లలు, మత్తుమందుకి అలవాటు పడినవాళ్ళు, ఇవీ వాళ్ళ పనులు. సూదులతో హెరాయిన్ ఎక్కించుకునేవాళ్ళలో హెచ్‌ఐవీ పాకుతున్న రోజుల్లో, 2006లో, శుభ్రమైన సూదులు పంచడానికి ముందుకొచ్చింది ఎన్జీవోవాళ్ళే. ఇలాంటి పనిలో మీకు అనుభవం ఉంటే బయోడేటాలో దాన్నే పైన పెట్టండి. మహిళా సంఘాలు, పొదుపు గ్రూపులు కింద పెట్టినా ఫర్వాలేదు.

ఇక డబ్బు సంగతి. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

2009లో మారిషస్ ఒక చట్టం చేసింది. లాభం వచ్చిన కంపెనీ అందులో 2 శాతం సమాజం కోసం తీసిపెట్టాలి. మన దగ్గర ఈ 2 శాతం అమల్లోకొచ్చింది 2014లో, అదీ పెద్ద కంపెనీలకే. అక్కడ విదేశాల్లో వ్యాపారం చేసుకునే గ్లోబల్ బిజినెస్ కంపెనీల్లాంటి కొన్ని మినహాయింపులు పోగా, చిన్నాచితకా కంపెనీలు కూడా కట్టాల్సిందే. మొదట్లో ఆ డబ్బు ఎవరికివ్వాలో కంపెనీ ఇష్టం. చక్కెర కంపెనీలు, బ్యాంకులు, హోటళ్ళు ఎవరికి నచ్చిన సంఘానికి వాళ్ళు ఇచ్చుకునేవాళ్ళు. ప్రెసిడెంటుకి హోటల్ మేనేజరు తెలిసినవాడైతే ఆ సంఘానికి ఏడాది గడిచిపోయినట్టే. తెలియని సంఘం దరఖాస్తు పట్టుకుని గుమ్మాల ముందు నిలబడాలి.

2017 నుంచి పద్ధతి మారింది. ఆ 2 శాతంలో సగం నేరుగా పన్నుల శాఖకి కట్టాలన్నారు, 2019కొచ్చేసరికి దాన్ని ముప్పావు వంతు చేశారు. అక్కడి నుంచి అది ఒక ప్రభుత్వ ఫౌండేషన్‌కి వెళ్తుంది. ముందు నేషనల్ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత, అంటే ఈ 2 శాతమే) ఫౌండేషన్ అనేవారు, ఇప్పుడు నేషనల్ సోషల్ ఇన్‌క్లూజన్ ఫౌండేషన్. సంఘాలు దానికి ప్రాజెక్టు రాసి పంపుకోవాలి. అంటే కంపెనీల గుమ్మాలు చాలావరకు పోయి ఒకే పెద్ద గుమ్మం వచ్చింది.

ఇది మంచికా చెడుకా అంటే, నా లెక్కలో చిన్న సంఘాలకి మంచికే. తెలిసినవాళ్ళు లేకపోయినా కాగితం సరిగ్గా ఉంటే అడగొచ్చు. కానీ ఆ కాగితం రాయడం రావాలి. మా సంఘంలో ట్రెజరర్ రిటైరైన టీచరమ్మ, ఊరంతా ఆవిడని 'మిస్' అనే పిలుస్తారు. పిల్లలకి సాయంత్రం బ్రెడ్డూ వెన్నా పెట్టేవాళ్ళం. ఆ బ్రెడ్డు కొన్న ప్రతి రసీదూ బిస్కెట్ డబ్బాలో, నెలకో రబ్బరు బ్యాండు వేసి ఉంచేది. కొట్టువాడు చీటీ మీద చేత్తో రాసిచ్చి, దుకాణం రిజిస్ట్రేషన్ నంబరు వెయ్యకపోతే ఆ చీటీ పట్టుకుని మళ్ళీ కొట్టుకి వెళ్ళేది, ఎండైనా వానైనా. గ్రాంటు ఎవరిచ్చినా విడతలుగానే వస్తుంది, మొదటి విడత లెక్క తేలితేగానీ రెండోది రాదు. పిల్లలతో ఆడిపాడేవాళ్ళకి అక్కడ కొరత లేదు. ఆ డబ్బాలో రసీదుల్ని రిపోర్టుగా మార్చగలిగేవాళ్ళకే కొరత. మీకు గ్రాంటు రిపోర్టులు రాసిన అలవాటుంటే సగం ఉద్యోగం వచ్చినట్టే.

చెడు కూడా ఒకటుంది. జీతాలిచ్చే డబ్బు సర్కారు చేతుల మీదుగా వస్తుంటే సర్కారుని గట్టిగా అనడానికి నోరు రాదు. ఎవరూ బయటికి అనరు గానీ మీటింగుల్లో తెలిసిపోతుంది.

అలా అని అక్కడి స్వచ్ఛంద సేవంతా ఫారాల మీదే నడుస్తుందనుకోకండి. 2020 జూలై 25న వకాషియో అనే ఓడ మాహేబూర్‌కి దగ్గర్లోని పాయింట్ డెస్నీ వద్ద పగడపు దిబ్బ ఎక్కేసింది. ఆగస్టు 6 నుంచి ఇంధనం కారడం మొదలై దాదాపు వెయ్యి టన్నులు సముద్రంలో కలిసింది. ఆ చమురుని అడ్డుకోవడానికి మాహేబూర్ ఒడ్డున ఎండిన చెరకు ఆకు కుప్పలు పోశారు. జాలీ గుడ్డని పొడుగ్గా గొట్టంలా కుట్టి, అందులో ఆ ఆకు కూరి, తేలడానికి ఖాళీ నీళ్ళ సీసాలు కట్టి, మోకులా భుజాల మీద మోసుకెళ్ళి నీళ్ళలో వదిలేవారు. నల్లటి జిగురు చేతులకి అంటుకుంటే సబ్బుకి పోయేది కాదు. అధికారులు ఇది మాకు వదిలేయండి అన్నా జనం కదల్లేదు. ఎకో-సూద్ లాంటి పర్యావరణ సంస్థలు, ఊరి సంఘాలు, గుళ్ళవాళ్ళు, చర్చివాళ్ళు, మసీదువాళ్ళు అంతా అక్కడే. ఊళ్ళో మంచిచెడ్డలు చూసుకునే ఇలాంటి బృందాన్ని అక్కడ 'ఫోర్స్ వీవ్' అంటారు. చాలా ఊళ్ళలో ఒకటుంటుంది. ముందు మీ ఊరి ఫోర్స్ వీవ్ ఎవరో కనుక్కోండి, మిగతా పరిచయాలు వాళ్ళే చేసిపెడతారు. చిన్న దేశం కదా, ఇద్దర్ని కలిస్తే మూడోవాడికి మీ గురించి ముందే తెలిసిపోయి ఉంటుంది. ఇందులో సుఖమూ ఉంది, కష్టమూ ఉంది. ఒక సంఘంతో మాటా మాటా వచ్చిందంటే రెండో సంఘానికి ఆ సాయంత్రానికే తెలుస్తుంది.

భాష గురించి: దరఖాస్తులు ఇంగ్లీషులో నడుస్తాయి, ఆఫీసు కబుర్లు, పేపర్లు ఫ్రెంచిలో, జనం మాట్లాడేది ఫ్రెంచి మాటల్లోంచి పుట్టిన క్రియోల్. ఇళ్ళకి వెళ్ళి మాట్లాడే పని కావాలంటే క్రియోల్ తప్పదు. ఫ్రెంచి క్లాసులకి డబ్బు పోసేముందు క్రియోల్ పట్టండి. వ్యాకరణం తేలిక, పక్కింటివాళ్ళే నేర్పిస్తారు.

వీలైతే రోడ్రిగ్స్ దీవికి ఒకసారి వెళ్ళిరండి. ప్రధాన దీవికి 560 కిలోమీటర్ల దూరం. 2002 నుంచి వాళ్ళకి సొంత అసెంబ్లీ ఉంది. అక్కడ ఆడవాళ్ళు లోతు తక్కువ నీళ్ళలో నడుస్తూ ఇనప చువ్వతో ఆక్టోపస్ పడతారు. 2012 నుంచి ఏటా కొన్ని వారాలు ఆ వేట ఆపేస్తున్నారు, ఆక్టోపస్ పెరగడానికి. వేట ఆపమని సర్కారు చెప్పడం వేరు, అదే బతుకుతెరువైనవాళ్ళని కూర్చోబెట్టి ఒప్పించడం వేరు. ఆ రెండోది సంఘాలు ఎలా చేస్తాయో చూడాలంటే రోడ్రిగ్సే చూడాలి.

పర్మిట్ సంగతి జాగ్రత్త. భర్త పర్మిట్ మీద డిపెండెంట్‌గా వెళ్ళి జీతానికి పని చేయొచ్చో లేదో ముందు చూసుకోండి. నియమాలు బడ్జెట్ బడ్జెట్‌కీ మారుతుంటాయి, నా మాట నమ్మకుండా అక్కడి ప్రభుత్వ సంస్థ ఎకనామిక్ డెవలప్‌మెంట్ బోర్డు సైట్లో తాజావి చదవండి. జీతం లేకుండా చేసేదైనా సరే, సంఘాన్ని అడిగి కాగితం మీద పెట్టించుకోండి. జీతాలు మాత్రం మీవారి ఐటీ జీతం పక్కన పెట్టి చూసుకునేవి కావు.

చివరగా తెలుగు. పంతొమ్మిదో శతాబ్దంలో మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ వారసులు అక్కడ బాగానే ఉన్నారు. ఉగాదికి దేశమంతా సెలవు. సింహాద్రి అప్పన్న పూజలు, రామభజనలు శ్రద్ధగా చేస్తారు. ఇంట్లో మాట్లాడేది మాత్రం క్రియోలే, తెలుగు బళ్ళో నేర్చుకున్నది. వాళ్ళ సభలూ మందిరాలూ కూడా రిజిస్టరైన సంఘాలే గానీ సీఎస్ఆర్ డబ్బు మత కార్యక్రమాలకి వాడకూడదు, కాబట్టి అక్కడ ఉద్యోగం వెతక్కండి. మనుషుల కోసం వెళ్ళండి. నాకు లెక్కల పని దొరికింది ఉగాది పచ్చడి పంచుతున్న వరసలో నిలబడ్డప్పుడే. ముందు నిలబడ్డావిడ మిస్ చెల్లెలు.

ఏ ఊళ్ళో ఇల్లు తీసుకుంటున్నారో రాయండి. రోజ్ హిల్, క్యూర్‌పిప్ వైపైతే ఒక రకం సంఘాలు, దక్షిణమైతే ఇంకో రకం. నాకు తెలిసినవి చెప్తాను.