అద్దం గీతలకు ఏ రంగు సీరియం ఆక్సైడ్?

ప్రశ్న: వైపర్ రాసుకుని కారు ముందద్దం మీద గీతలు పడ్డాయి. ఆటోనగర్‌లో ఒక షాపులో సీరియం ఆక్సైడ్ (అద్దానికి పాలిష్ పట్టే పొడి) లేత ఇటుక రంగులో ఉంది, మరో షాపులో దాదాపు తెల్లగా ఉంది. ఏది అసలైంది? ఇంట్లోనే పాలిష్ పట్టొచ్చా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: రెండూ అసలైనవే కావచ్చు. శుద్ధమైన సీరియం ఆక్సైడ్ లేత పసుపు తిరిగిన తెలుపు. పాలిష్ రకంలో ప్రెసియోడిమియం వంటి తోటి లోహాల ఆక్సైడ్లు కొంత కలిసి ఉంటే ఇటుక ఛాయ వస్తుంది. అద్దానికి అదీ బాగానే పనిచేస్తుంది. ముదురు కావి రంగులో ఉండి వేళ్లకు ఎర్రగా అంటుకుంటే మాత్రం అది ఐరన్ ఆక్సైడేమో అని అనుమానించండి. దానితోనూ మెరుపు వస్తుంది గానీ చాలా ఆలస్యం.

ముందు గోరుతో గీత మీద అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే వదిలేయండి. అంత లోతు అరగదీస్తే అక్కడ పల్లం పడి, రాత్రి ఎదురు బండ్ల లైట్లు వంకరగా కనిపిస్తాయి. డ్రైవర్ కళ్లెదురుగా అది ప్రమాదం.

గోరు తట్టుకోకపోతే 50 గ్రాముల పొడిలో 100 మిల్లీలీటర్ల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పలచటి పెరుగులా కలపండి. ఈ పొడి సాంద్రత నీటికి ఏడు రెట్లకు పైనే, కాబట్టి ఇట్టే అడుగుకు చేరుతుంది. అద్దినప్పుడల్లా కలపాలి. మెషిన్‌కు బిగించిన ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ప్యాడ్‌తో, నిమిషానికి 1,500 చుట్లు దాటకుండా, గీత చుట్టూ జానెడు మేర తిప్పండి. 11,000 చుట్ల గ్రైండర్ పనికిరాదు.

తడి ఆరనివ్వకూడదు. ఈ పొడి ఇసుకకాగితంలా గీకడమే కాదు, నీళ్లకు మెత్తబడిన అద్దం పైపొరలోని సిలికాన్‌ను ఆక్సిజన్ ద్వారా పట్టుకుని లాగేస్తుంది. నీళ్లు లేకపోతే ఆ పని ఆగి, వేడి మాత్రం పెరుగుతుంది. వేడి ఒకచోటే చేరితే అద్దం పగులుతుంది. అందుకే బెజవాడ ఎండలో వద్దు, పొద్దున్నే నీడలో చేయండి. నిమిషానికోసారి ఆపి చేతి వెనకవైపు ఆనించి చూడండి, చురుక్కుమంటే చల్లారనివ్వండి.

రబ్బరు బీడింగ్‌కు ముందే టేపు వేయండి, ఎండిన పొడి అందులోంచి ఓ పట్టాన పోదు. పొడి కలిపేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి.

మసకబారిన హెడ్‌లైట్లకు దీన్ని వాడకండి. ఇప్పటి కార్లలో అవి చాలావరకు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్, సిలికా అద్దం కాదు.