ఫార్మాట్ కొట్టేయమంటున్నారు, కొట్టేయమంటారా?

ప్రశ్న: మాది నాచారంలో చిన్న టెస్టింగ్ ల్యాబ్. శాంపిల్‌లో ఏమేమున్నాయో వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌కి కట్టిన కంప్యూటర్ ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తోంది. నెల రోజులుగా రన్ (అంటే పరీక్ష) మధ్యలో సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోతోంది, ఒక్కోసారి అరగంటకు, ఒక్కోసారి మూడు గంటలకు. శాంపిల్ పోతోంది, సాల్వెంట్ పోతోంది, తిట్లు నాకు పడుతున్నాయి. సర్వీసు వాళ్లేమో మెషీనే మార్చమంటున్నారు, తెలిసినతను ఫార్మాట్ చేసేద్దాం అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక ల్యాబ్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఫార్మాట్ మాట మాత్రం ఎత్తకండి. ఆ సాఫ్ట్‌వేర్ సీడీ, లైసెన్స్ నంబరు మీ దగ్గరున్నాయా? పాత ల్యాబుల్లో ఆ సీడీ ఎప్పుడో పోయుంటుంది, తీరా ఫార్మాట్ అయ్యాక వెతుక్కుంటే లక్షల మెషీన్ మూలన కూర్చుంటుంది.

ముందు హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌లోకి క్లోన్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, చేయించండి. దానికి క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. కానీ ఏది పాత డిస్కో ఏది కొత్తదో రెండుసార్లు చూసుకుని ఎంటర్ నొక్కండి, తిరగబడిందా, ఉన్న డేటా కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక జబ్బు సంగతి. కంప్యూటర్ నిలబడే ఉండి సాఫ్ట్‌వేర్ ఒక్కటే పోతోందంటే నేను మొదట చూసేది రిజల్ట్స్ ఫోల్డర్. నిరుడు జీడిమెట్ల వైపు ఒక ల్యాబ్‌లో ఇదే గోల. ర్యామ్ మార్చారు, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మార్చారు, పూజ ఒక్కటే తక్కువ. ఫోల్డర్ తెరిచి చూస్తే రిజల్ట్స్ అన్నీ దాచే ఎండీబీ ఫైల్ (మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్) సైజు 20,97,000 కేబీ దాటి ఉంది. పాత యాక్సెస్ డేటాబేస్ 2 జీబీకి, అంటే 20,97,152 కేబీకి మించి పెరగదు. నిండిన బీరువాలో ఇంకో పట్టుచీర కుక్కబోతే తలుపు పడదు కదా, అదే అక్కడ జరిగింది. పాత రన్లను ఆర్కైవ్‌లోకి పంపి, ఫైల్‌లో ఖాళీ అయిన చోటు తీసేసి కుదించే కంపాక్ట్ చేశాక మళ్లీ నడిచింది. మీరు మాత్రం క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లకు చెప్పి, రాతపూర్వకంగా ఒప్పించుకునే ముట్టుకోండి. మందుల శాంపిళ్లయితే ఆడిట్‌లో మొదట అడిగేది అదే.

మీ సాఫ్ట్‌వేర్ ఆగిపోయే టైము ఒక్కోసారి ఒక్కోలా ఉంది కాబట్టి ఇదే కారణమని ఒట్టు పెట్టను. స్టార్ట్, రన్‌లో eventvwr అని ఇంగ్లిష్‌లో కొట్టండి, కంప్యూటర్‌లో జరిగిన తప్పులన్నీ రాసి ఉంచే ఈవెంట్ వ్యూయర్ తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ పోయిన నిమిషం దగ్గర ఏముందో చూడండి. సిస్టమ్ లాగ్‌లో డిస్క్ పేరుతో 7 నంబరు ఎర్రర్ కనిపిస్తే డిస్క్ మీద బ్యాడ్ బ్లాక్ (పాడైన చోటు) ఉన్నట్టు, ఆ డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డాయి. అందుకే క్లోన్ ముందన్నాను. ఏమీ లేకపోతే రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి వదిలేయండి, ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ మార్చాల్సిందే. మెషీన్ నుంచి వచ్చే కేబుల్ కూడా ఊపి చూడండి, మధ్యలో చవకరకం యూఎస్‌బీ కన్వర్టర్ ఉంటే దాన్ని నేను అస్సలు నమ్మను.

అదే కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ అవుతుంటే, అదీ మధ్యాహ్నం ఏసీ ఆపేశాక ఎక్కువగా అవుతుంటే, ప్లగ్ తీసి క్యాబినెట్ విప్పండి. ఫ్యాన్‌లో దుమ్ము దూది పరుపులా పేరుకుని ఉంటుంది. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి, పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా బోర్డు పోయినట్టే. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు దొరుకుతాయి, చేయి తిరిగినవాడు మారుస్తాడు. పాత బోర్డే కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ మొత్తం ఓసారి తిరగండి.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8నే ఆపేసింది, దాన్ని నెట్‌కి కలపకండి. కంప్యూటర్ వెనక పోర్టుకి వేలెడంత ముక్క ఏదైనా గుచ్చి ఉంటే అది లైసెన్స్ డాంగిల్ కావచ్చు, అది లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. పనికిరానిదనుకుని ఎవరైనా పీకి చెత్తలో వేయకముందే దాని మీద ఎర్ర స్టిక్కర్ అంటించండి.