బుజ్జికి, ఆదివారం బ్రేకుల్లో గాలి తీసేముందు

బుజ్జీ,

స్విఫ్ట్ ముందు చక్రాలు విప్పి ప్యాడ్లు నువ్వే మార్చావట. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ ఎడమవైపుది ఆయిల్ కారుతుంటే కొత్తది తెచ్చి బిగించావట. ఆదివారం తమ్ముణ్ణి కూచోబెట్టుకుని ఎయిర్ తీసి, గురువారం అమ్మని ఎక్కించుకుని తిరుపతి బయల్దేరుతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. రాత్రి నిద్రా పట్టలేదు.

ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అనేస్తావు. కాగితం అయితే బండి పక్కన పెట్టుకుని చూస్తావని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి. ఇప్పుడు అది బ్రేకు లేని కారు. సెల్లారులో రెండడుగులు జరపడానికి కూడా స్టార్ట్ చెయ్యకు, తమ్ముణ్ణీ చెయ్యనివ్వకు. కొత్త ప్యాడ్లు పట్టడానికి, ప్యాడుని నెట్టే పిస్టన్ని లోపలికి నెట్టావు కదా, ఇప్పుడు ప్యాడుకీ డిస్కుకీ మధ్య సందు ఉంటుంది. మొదటి రెండు మూడు సార్లు పెడల్ తొక్కితే నేలకి పోతుంది, బండి మాత్రం ఆగదు. ఉత్త ప్యాడ్లు మార్చి, ఆయిల్ లైను విప్పకపోయినా ఇంతే. రివర్స్ వేసి గోడకి కొట్టేది ఇక్కడే. పని ఏదైనా సరే, ఇంజన్ తాళం తిప్పకముందు పెడల్ గట్టిపడేదాకా నెమ్మదిగా తొక్కాలి.

సామాను సంగతి. బ్రేక్ ఆయిల్ ఏ రకమో, ఆ ఆయిల్ పోసే రిజర్వాయర్ మూత మీదే ఉంటుంది, అదే తెచ్చుకో. సీలు విప్పని డబ్బాలు, మొత్తం లీటరు. కిందటేడు మిగిలిన సగం డబ్బా ఇంట్లో ఉంటే దాని జోలికి పోకు, అది ఈపాటికి గాలిలోని తేమ తాగి ఉంటుంది. డాట్ 5 అని ఉన్నది సిలికాన్‌ది, నీ బండికి పనికిరాదు. డాట్ 5.1 వేరే సరుకు, అంకె చూసి పొరబడకు. కాలిపర్ మీద గాలి తీసే నిపుల్‌కి సరిపోయే రింగు పానా కావాలి, సాధారణంగా 8 గానీ 10 గానీ పడుతుంది. ఓపెన్ పానా వాడితే మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఆపైన అది ఎవరి చేతికీ చిక్కదు. నిపుల్ మీద బిగుతుగా కూర్చునే తెల్లటి పారదర్శక గొట్టం ఒక మూర. కళ్ళద్దాలు, చేతి తొడుగులు. ఒక బకెట్ నీళ్ళు. బ్రేక్ ఆయిల్ బండి పెయింటు మీద పడితే తుడవకు, వెంటనే నీళ్ళు పొయ్యి.

పాత ఆయిల్ పట్టడానికి మంచినీళ్ళ సీసా, కూల్‌డ్రింక్ సీసా మాత్రం వద్దమ్మా. మీ పక్క ఫ్లాటులో చిన్నపిల్లలున్నారు. చూడ్డానికి తేనె రంగు, నిజానికి విషం. పురుగుమందు డబ్బాని చూసినట్టే చూడు.

ఇక కాలిపర్. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు.

కుడి కాలిపరూ ఎడమ కాలిపరూ కవలల్లా ఉంటాయి. బోల్టులు రెండువైపులా పడతాయి, హోస్ పైపు కూడా అందుతుంది. కౌంటరు మీదివాడు తొందరలో కుడిది ఎడమకి ఇచ్చినా, బల్ల మీద రెండూ విప్పి పెట్టుకుని మనమే తారుమారు చేసినా, బిగించేటప్పుడు ఎక్కడా అడ్డు చెప్పదు. తేడా ఒక్కచోటే తెలుస్తుంది. సరైన వైపు పెడితే గాలి తీసే నిపుల్ పైన ఉంటుంది, తారుమారైతే కిందికి పోతుంది.

పైన ఎందుకుండాలి? కాలిపర్ లోపల, పిస్టన్ వెనక, ఆయిల్ నిండే గది ఒకటుంది. గాలి తేలిక, ఆ గదిలో అన్నిటికంటే ఎత్తు చోటుకి చేరుతుంది. అందుకే నిపుల్ రంధ్రం సరిగ్గా అక్కడ వేస్తారు. తలకిందులైందనుకో, నిపుల్ గది అడుగుకి చేరుతుంది. విప్పితే అడుగున ఉన్న శుభ్రమైన ఆయిలే వస్తుంది, ఒక్క బుడగా రాదు. గాలి పైన హాయిగా కూర్చునే ఉంటుంది.

మా షెడ్డులో ఒక బండికి ఇదే జరిగింది. బిగించింది నేనే. రెండు ముందు కాలిపర్లకీ సీళ్ళు మార్చి, అటుది ఇటు ఇటుది అటు ఎక్కించాను. పెడల్ తొక్కితే మెత్తగా, తడి స్పాంజి మీద కాలు పెట్టినట్టుంది. గాలి ఉందని ఎయిర్ తీశాం. గొట్టంలో బుడగ లేదు. ఇంకో డబ్బా పోశాం, లేదు. వరస మార్చి మళ్ళీ తీశాం. వెనక డ్రమ్ములు విప్పి, వాటిని లోపలనుంచి ఒరుసుకునే షూలు దగ్గరకి తెచ్చాం. చివరికి, పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైనులోకి నెట్టే మాస్టర్ సిలిండర్ పోయిందని తేల్చి, బండాయన చేత కొత్తది కొనిపించాం. అదీ బిగించాక పెడల్ అలాగే ఉంది. పొద్దుగూకేవేళ పానాలు అందించే కుర్రాడు కింద కూచుని, "ఇది నేల చూస్తోందేంటన్నా?" అన్నాడు. నిపుల్ హోస్ పైపుకంటే కింద ఉంది. కాలిపర్లు మార్చి పెట్టాక గొట్టంలోకి ముందు తెల్లటి నురగ, వెనకాలే గోలీకాయంత బుడగలు బుడబుడా వచ్చాయి. పావుగంటలో పెడల్ రాయిలా నిలబడింది. మాస్టర్ సిలిండర్ డబ్బులు ఆయనకి తిరిగిచ్చేశాం. కానీ మధ్యాహ్నం ఆయన తొందరపడి "మెత్తగా ఉంటే ఉందిలే, సర్దుకుంటుంది" అని తీసుకుపోయుంటే? అది తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకని ఉత్తరం ఇక్కడ ఆపి సెల్లారుకి వెళ్ళు. ఎడమ ముందు చక్రం దగ్గర టార్చి వేసి చూడు. రబ్బరు టోపీ పెట్టుకున్న నిపుల్ కాలిపర్ పైభాగంలో ఉండాలి. కింద ఉంటే ఆదివారం గాలి తీసే పనిలేదు, కాలిపర్ మార్పించుకు రావాలి. హోస్ బోల్టుకి రెండు పక్కలా రెండు కాపర్ వాషర్లు ఉంటాయి, అవి కొత్తవి వేశావా? పాతవి ఒకసారి నలిగినవి, మళ్ళీ సీలు పట్టవు. లేకపోతే ఇప్పుడే తెచ్చుకో.

ఇప్పుడు పని. చదునైన నేల, చక్రాలకి రెండు పక్కలా దిమ్మలు, జాకీతో లేపి స్టాండు మీద దించడం, ఇవి నీకు తెలుసు. బండితో వచ్చిన జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద తలపెట్టావని తెలిస్తే మాత్రం ఆ రోజే బస్సెక్కి వస్తాను.

ఇంజన్ ఆపే ఉండాలి. వరస నీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నట్టే చెయ్యి, కొన్ని బండ్లకి ఐమూలగా ఇస్తారు. మాన్యువల్ దొరక్కపోతే పాత పద్ధతే, మాస్టర్ సిలిండర్‌కి దూరంది ముందు, దగ్గరిది చివర. మన బండ్లకి స్టీరింగు కుడివైపు కాబట్టి ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. నువ్వు ఒక్కచోటే లైను విప్పినా నాలుగూ తియ్యి. కొత్త ఆయిల్ నాలుగు చక్రాలకీ చేరాలి.

గొట్టం ఒక కొస నిపుల్‌కి, రెండో కొస సీసా అడుగున కొంచెం ఆయిల్ పోసి అందులో మునిగేలా పెట్టు. తమ్ముడు సీట్లో కూచోవాలి, సెల్‌ఫోన్ పక్కన పెట్టించు. నువ్వు "నొక్కు" అంటే నెమ్మదిగా నొక్కి "పట్టుకున్నా" అనాలి. అప్పుడు నిపుల్ పావు చుట్టు విప్పు. ఆయిల్ వస్తుంది, పెడల్ దిగిపోతుంది. దిగినా కాలు తియ్యకూడదు. నువ్వు బిగించి "వదులు" అన్నాకే వదలాలి. నిపుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే బయటకి పంపిన గాలి మళ్ళీ లోపలికే వస్తుంది. గబగబా పంపు కొట్టొద్దు, పెద్ద బుడగ చిలికినట్టై నురగైపోతుంది, అది తియ్యడం ఇంకా కష్టం.

పెడల్ కింద అంగుళంన్నర చెక్క దిమ్మ పెట్టు. రోజూ తొక్కేటప్పుడు పెడల్ సగం దూరమే వెళ్తుంది. పాత మాస్టర్ సిలిండర్లో ఆ తర్వాతి భాగం మడ్డి కట్టి గరుగ్గా ఉంటుంది. నేలదాకా తొక్కితే సీలు పెదవి అక్కడ గీసుకుపోతుంది. బాగున్న సిలిండర్ మన చేతులతో మనమే పాడుచేసుకున్నట్టు.

గొట్టంలో ముందు టీ డికాషన్ రంగు వస్తుంది, తర్వాత లేత పసుపు. ఆవగింజంత బుడగ కూడా లేకుండా నాలుగైదు నొక్కులు వరసగా వస్తే ఆ చక్రం అయినట్టు. ఐదారు నొక్కులకోసారి రిజర్వాయర్ చూడు, కనీస గీత దాకా దిగనివ్వకు. అది ఖాళీ అయి గాలి ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పెట్టెలోకి పోయిందంటే పెడల్ తొక్కి తియ్యడం కుదరకపోవచ్చు, స్కానర్ పెట్టి లోపలి వాల్వులు ఆడించాల్సి వస్తుంది. వచ్చిన పాత ఆయిల్ ఎంత శుభ్రంగా కనపడినా మళ్ళీ పొయ్యకు. నిపుల్ చిన్న వస్తువు, చేతి బలమంతా పెట్టకు, విరిగి లోపలే ఉండిపోతుంది. తుప్పు పట్టి కదలకపోతే రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు. పొద్దున్నా కదలకపోతే ఆపెయ్యి, మెకానిక్కుని పిలువు.

అయ్యాక పరీక్ష. ఇంజన్ ఆపి ఉండగా ఐదారుసార్లు తొక్కి, చివర గట్టిగా నొక్కి పట్టుకుని స్టార్ట్ చెయ్యి. కాలి బలానికి తోడయ్యే బూస్టర్ అందుకున్నప్పుడు పెడల్ కొంచెం దిగి ఆగాలి. అలాగే నిమిషం పట్టుకో. మెల్లమెల్లగా జారుతోందా, ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల సీలు పోయింది. మొదటి తొక్కుకి కిందికి వెళ్ళి రెండో తొక్కుకి పైకొస్తోందా, గాలి మిగిలి ఉండొచ్చు, వెనక షూలు దూరంగా ఉండి కూడా ఉండొచ్చు. నాలుగు నిపుళ్ళూ, హోస్ బోల్టూ టిష్యూ కాగితంతో అద్ది చూడు, తడి తగలకూడదు. రబ్బరు టోపీలు మర్చిపోకు.

తర్వాత ఖాళీ స్థలంలో నడిచే వేగంలో, ఒక చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద ఉంచి నడిపి చూడు. మళ్ళీ 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఒక మోస్తరుగా పదిసార్లు, మధ్యమధ్య చల్లారనిస్తూ. కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడాలి.

ఇదంతా ఎందుకు ఇంతగా పట్టుకున్నానంటే, మీరు కొండ దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు మీద. ఊళ్ళో తిరిగేటప్పుడు కాస్త తేమ పట్టిన ఆయిల్, కాస్త గాలి బయటపడవు. దిగేటప్పుడు వంపు వంపుకీ బ్రేకు మీదే కాలుంటే డిస్కు వేడి కాలిపర్‌కీ, అక్కణ్ణుంచి ఆయిల్‌కీ ఎక్కుతుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. దాంట్లో 3.7 శాతం నీళ్ళు చేరితే 155కే మరిగే అవకాశం ఉంది. మరిగితే ఆవిరి. ఆయిల్ నలగదు కాబట్టే నీ కాలి బలం చక్రందాకా వెళ్తుంది. ఆవిరి గాలిలాగే నలిగిపోతుంది, పెడల్ ఉత్తినే నేలకి పోతుంది. కొత్త ఆయిల్ పోసినా సరే, దిగేటప్పుడు రెండో గేరు వదలకు. బ్రేకు కొట్టి వదులు, కాలు ఆనించి ఉంచకు. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీ.

లీటరు అయిపోయినా పెడల్ మెత్తగానే ఉంటే ఆ బండిలో అమ్మని ఎక్కించకు తల్లీ. రైలుంది, బస్సుంది. నీ పనితనం తక్కువని ఎవరూ అనరు, నేను అననివ్వను.

సోమవారం పొద్దున, బండి రాత్రంతా చల్లారాక, మొదటి తొక్కుకే పెడల్ ఎంతలో ఆగుతోందో చూడు. రిజర్వాయర్ గీత దిగిందేమో కూడా చూడు. రెండూ చూసి నాకు ఫోన్ చెయ్యి. ఆరింటికే లేచి కూచుంటాను.

మీ మావయ్య